సగంలో ఆగిన క్యాసెట్

"ఆయ్" అనే ఒక్క మాట వల్ల నా ఎనిమిదో తరగతి అంతా పాడైంది. 1987 జూన్‌లో, బ్యాంకు ఉద్యోగి అయిన మా నాన్నగారికి కాకినాడ నుంచి విశాఖపట్నానికి బదిలీ అయింది. కాకినాడలో పెద్దవాళ్లు పిలిచినప్పుడు "ఆయ్" అని పలకడం మర్యాద తెలిసిన పిల్లల లక్షణం. అలా పలకకపోతే మా మామ్మ పిలిచిన పని కూడా చెప్పేది కాదు, మళ్లీ పిలిచేది. కొత్త బడిలో మొదటి రోజున మాస్టారు హాజరు పట్టీ చదువుతూ నా పేరు పిలవగానే నేను లేచి నిలబడి, "ఆయ్, వచ్చానండి" అన్నాను. తరగతి గది గొల్లుమంది. మాస్టారు సైతం నవ్వాపుకోలేక హాజరు పట్టీని ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ రోజు నుంచి మా అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆ బడిలో చెల్లకుండా పోయింది. నేను "ఆయ్‌గాడి"ని అయ్యాను.

పేరు పెట్టడంతో ఆగి ఉంటే ఈ జ్ఞాపకం రాయవలసిన పని ఉండేది కాదు. మా తరగతిలో ఒక లీడరు ఉండేవాడు. అది ఉపాధ్యాయులిచ్చిన పదవి కాదు, అతను తీసుకున్నది. అతనికి ముగ్గురు అనుచరులు. మధ్యాహ్నం గంట కొట్టగానే నీళ్ల ట్యాంకు వెనుక సందులో నిలబడి, ఆ దారిన వెళ్లే చిన్నవాళ్ల దగ్గర బస్సు డబ్బులు, ఐసుఫ్రూటు డబ్బులు వసూలు చేసేవారు. నా దగ్గర డబ్బులు తక్కువ, టిఫిన్ డబ్బా బరువు ఎక్కువ కాబట్టి నాకు వేరే పద్ధతి పెట్టారు. డబ్బా మూత తీసి, మా అమ్మ పెట్టిన పులిహోరో దద్దోజనమో సగం తిని, మిగతా సగం చూపిస్తూ, "ఆయ్ అనరా, ఇచ్చేస్తాం" అనేవారు. నేను అనేవాణ్ణి. "ఇంకోసారి, అండి కూడా పెట్టి" అనేవారు. అదీ అనేవాణ్ణి. ఆకలి కన్నా ఆ రెండోసారి అనడం నన్ను ఎక్కువగా బాధించేది. ఆగస్టు నెల వచ్చేసరికి ఇంట్లో కూడా నా నోట "ఆయ్" రావడం మానేసింది. ఊరు మారాక బుద్ధి మారిందని మామ్మ నొచ్చుకుంది తప్ప కారణం ఎవరూ అడగలేదు.

అడిగినా ఏం చెప్పాలో నాకు తెలిసేది కాదు. ఒకసారి అమ్మతో "వాళ్లు నన్ను ఏడిపిస్తున్నారమ్మా" అన్నాను. అమ్మ పప్పు ఏరుతూ, "ఏడిపిస్తే నువ్వు ఏడవకు, వాళ్లే ఊరుకుంటారు" అంది. అమ్మ తప్పేమీ లేదు. మన భాషలో బావ మరదల్ని ఏడిపిస్తాడు, తాతయ్య మనవడి మిఠాయి దాచి ఏడిపిస్తాడు, పెళ్లిలో మగపెళ్లివారిని ఏడిపిస్తారు. నీళ్ల ట్యాంకు వెనుక జరిగేదానికీ అదే మాట వాడాలి. మాటలోనే సరసం ఉంది కాబట్టి, ఆ మాటతో ఫిర్యాదు చేసినవాడు సరసం తెలియనివాడు అవుతాడు. దౌర్జన్యం, జులుం అనే మాటలు ఉన్నాయి కానీ, అవి జమీందార్ల గురించి వాడేవి; పదమూడేళ్ల పిల్లవాడు తోటి పిల్లల మీద "జులుం చేస్తున్నారు" అని అంటే ఇంకాస్త నవ్వుతారు. తరువాత 1997లో రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చినప్పుడు, వార్త చదువుతూ నేను మొదట గమనించింది ఆ మాటనే. చట్టం చేయడానికైనా మనకు ఇంగ్లీషు మాటే అరువు తెచ్చుకోవలసి వచ్చింది.

మా తరగతిలో చివరి బల్ల మీద ఒక్కడే కూర్చునే కుర్రవాడొకడు ఉండేవాడు. మా అందరికన్నా రెండేళ్లు పెద్దవాడు, జానెడు పొడుగు, తలుపు నిండా పట్టే భుజాలు. వాణ్ణి అందరూ "లంగరు" అనేవారు, ఎక్కడ కూర్చుంటే అక్కడి నుంచి కదలడు కాబట్టి. సముద్రం ఒడ్డున జాలరిపేట నుంచి నడిచి వచ్చేవాడు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. వాడి గురించి మాత్రం అందరూ మాట్లాడేవారు. పోర్టు దగ్గర ఒక మనిషిని గొలుసుతో కొట్టాడనీ, రెండేళ్లు బడికి రానిది బాలనేరస్థుల జైలులో ఉండి రావడం వల్లనేననీ, వాడి నడుముకు ఎప్పుడూ చేపలు కోసే కత్తి ఉంటుందనీ చెప్పుకునేవారు. లీడరు సైతం వాడి బల్ల పక్కగా నడిచేటప్పుడు గొంతు తగ్గించేవాడు.

ఇక్కడ నా గురించి ఒక నిజం చెప్పాలి. ఆ గొలుసు కథకు నెత్తుటి మరకలు అద్దింది నేనే. దీపావళి సెలవుల తరువాత ఒక రోజున లీడరు నా డబ్బా అందుకోబోతుంటే, భయంలో ఏదో ఒకటి అనాలని, "లంగరు మా ఇంటి దగ్గరకు వస్తుంటాడు, ఆ గొలుసు నేను చూశాను, ఇంకా ఎర్రగానే ఉంది" అన్నాను. అంతా అబద్ధం. కానీ ఆ రోజు నా దద్దోజనం మొత్తం నేనే తిన్నాను.

అబద్ధం రెండు రోజులకన్నా నిలవదని తెలిసి, మూడో రోజున ఎలాగో ధైర్యం చేసి లంగరు దగ్గరకే వెళ్లాను. "నాతో కూర్చుంటే రోజూ సగం టిఫిను ఇస్తాను, లెక్కలు చేసిపెడతాను" అన్నాను. వాడు నన్ను కింద నుంచి మీద దాకా చూసి, "లెక్కలొద్దు, మేష్టారికి తెలిసిపోతాది. ఏటి తెచ్చేవు?" అన్నాడు. ఆ రోజు వంకాయ కూర. వాడు వద్దని తల తిప్పి, తన డబ్బా నా వైపు తోశాడు. చద్దన్నం, వేయించిన నెత్తళ్లు. మా ఇంట్లో చేప అన్న మాటే పలికేవారు కాదు. నేను నెత్తళ్లు పక్కకు జరిపి అన్నం మాత్రం రెండు ముద్దలు తిన్నాను. వాడు అది చూసి మొదటిసారి నవ్వాడు.

రెండేళ్లు బడికి ఎందుకు రాలేదో నెల రోజుల తరువాత వాడే చెప్పాడు. వాళ్ల నాన్న మరపడవ నడిపే సరంగు. ఆయనకు ఊపిరితిత్తుల జబ్బు చేస్తే, ఇల్లు గడవడానికి వీడు చేపలరేవులో ఐసు దిమ్మలు మోశాడు, తరువాత మేనమామ దగ్గర డీజిల్ ఇంజన్ల మరమ్మతు పనిలో ఉన్నాడు. జైలు లేదు, గొలుసు లేదు. గొలుసు గురించి నేను అడిగితే, "లంగరుకి కట్టే గొలుసేటి? అది మోస్తే బుజం కొట్టుకుపోతాది గానీ, దాంతో మనిసినెవుడు కొడతాడు?" అన్నాడు. నేను అద్దిన మరకల సంగతి వాడికి చెప్పలేదు. పైగా ఆ కథ నాకు రక్షణగా ఉంది కాబట్టి, దానిని ఖండించే ప్రయత్నం కూడా చేయలేదు.

లీడరు బృందం నా జోలికి రావడం మానేసింది. లంగరు ఎవరి మీదా చేయి ఎత్తలేదు, ఎవరినీ బెదిరించలేదు. నా పక్కన నడిచేవాడు, అంతే. సాయంత్రం బడి విడిచిన తరువాత మేమిద్దరం సముద్రపు ఒడ్డున నడిచేవాళ్లం. వాడు డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు చూస్తూ, రేవులోకి వచ్చే ఓడ ఎంత సరుకుతో ఉందో, నీటిలో ఎంత మునిగిందో బట్టి చెప్పేవాడు. పావలా ఉంటే ముంత మసాలా కొనుక్కుని చెరొక గరిటె తినేవాళ్లం. అతను పేర్లు పెట్టి చూపించిన మేఘాలు, గాలులు, అలలు నాకు ఇప్పుడు ఒకటీ గుర్తు లేవు. కాకినాడలో పుట్టి పెరిగి సముద్రం తెలుసునని అనుకున్న నాకు, ఏమీ తెలియదని మాత్రం తెలిసింది.

1988 మే నెలలో మేము అద్దెకున్న మహారాణిపేట ఇంటి పై వాటాకు యజమానిగారి అబ్బాయి వచ్చాడు. సరుకు రవాణా ఓడలో ఇంజనీరు. సింగపూర్ నుంచి వీసీఆర్, ఒక పెట్టె నిండా క్యాసెట్లు తెచ్చాడు. ఆ రోజుల్లో విశాఖపట్నంలో ఓడల మీద పనిచేసేవాళ్లు ఉన్న వీధికి మిగతా ఊరి కన్నా ముందుగా ప్రపంచం వచ్చేది. ఒక మధ్యాహ్నం ఆయన, "పిల్లల సినిమా ఒకటుంది, చూస్తారా?" అని పిలిచాడు. నేను పరుగున వెళ్లి లంగరును తీసుకొచ్చాను. వాడు మేడ మెట్ల దగ్గర చెప్పులు విడిచి, కాళ్లు కూడా కడుక్కుని, చాప చివర కూర్చున్నాడు.

ఆ సినిమా పేరు "మై బాడీగార్డ్". 1980లో వచ్చింది. దర్శకుడు టోనీ బిల్‌కు అది దర్శకుడిగా మొదటి చిత్రమనీ, అంతకు ముందు ఆయన "ది స్టింగ్" నిర్మాతలలో ఒకరిగా ఆస్కార్ అందుకున్నారనీ నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. ఆ రోజున మాకు తెలిసిందల్లా తెర మీద కనిపించిందే. చికాగో నగరం. క్లిఫర్డ్ అనే సన్నటి కుర్రవాడు. తండ్రి ఒక పెద్ద హోటలుకు మేనేజరు, కాబట్టి ఇల్లే హోటలు. ప్రైవేటు బడి మానిపించి ప్రభుత్వ బడిలో వేస్తారు. మొదటి రోజునే నోరు జారి, మూడీ అనే కుర్రవాడి కంట పడతాడు. మూడీ బృందం మధ్యాహ్న భోజనం డబ్బులు వసూలు చేస్తుంది. ఎందుకంటే లిండర్‌మన్ అనే ప్రమాదకరమైన కుర్రవాడి నుంచి కాపాడుతున్నామట! ఆ లిండర్‌మన్ హత్యలు చేశాడని బడి అంతా చెప్పుకుంటుంది. అతను మాత్రం పెద్ద ఒళ్లు, మూసిన నోరు, ఎవరితోనూ కలవని చూపులతో ఒక్కడే నడుస్తుంటాడు.

అతను తెర మీదకు రాగానే నేను లంగరు వైపు చూడలేకపోయాను. వాడు నా వైపు చూస్తున్నాడని మాత్రం తెలుస్తోంది. కాసేపటికి, "ఈడి గురించి కూడా ఎవడో కతలల్లినట్టున్నాడు" అన్నాడు. ఎవడో అన్న మాటను ఒత్తి పలికాడో, నాకే అలా వినిపించిందో చెప్పలేను.

మా ఇద్దరిలో ఇంగ్లీషు చదివినవాణ్ణి నేను. కాబట్టి తర్జుమా బాధ్యత నాది. నిజానికి ఆ అమెరికా యాసలో నాకు పదింటికి మూడు మాటలు కూడా పట్టుబడలేదు. పాఠ్యపుస్తకం ఇంగ్లీషు ఒకటి, ముక్కుతో మింగేసే ఆ ఇంగ్లీషు మరొకటి. అయినా అనువాదకుడి గౌరవం పోగొట్టుకోకూడదని, ముఖాలు చూసి కథ అల్లి చెప్పాను. క్లిఫర్డ్ వెళ్లి, డబ్బులిస్తాను, హోంవర్కు చేసిపెడతాను, నాకు అంగరక్షకుడిగా ఉండమని లిండర్‌మన్‌ను అడిగే చోట మాత్రం తర్జుమా అవసరం రాలేదు. లంగరు కిందికి చూసి నవ్వుతూ, "ఈడు కూడా లెక్కలు సేసిపెడతానంటన్నాడేటి?" అన్నాడు. క్లిఫర్డ్ నాయనమ్మగా రూత్ గోర్డన్ వేసిన వేషం చూసి మేమిద్దరం నోరు తెరుచుకున్నాము. హోటలు బారులో మందు పుచ్చుకుని, ముక్కూ ముఖం తెలియని మగవాళ్లతో సరసాలాడే ముసలమ్మను అంతవరకు మేము ఏ సినిమాలోనూ చూడలేదు. మా మామ్మ అప్పుడే మేడ ఎక్కి వచ్చి ఉంటే ఆ క్యాసెట్ అక్కడితో ఆగేది.

లిండర్‌మన్ ఒక పాత మోటారు సైకిలును సొంతంగా కూర్చుకుంటూ ఉంటాడు. దానికి సిలిండరు ఒక్కటే దొరకదు. క్లిఫర్డ్, అతను కలిసి పాత ఇనుప సామాన్ల కొట్లలో దాని కోసం వెతుకుతారు. ఆ భాగం మొదలయ్యాక మా స్థానాలు తారుమారయ్యాయి. లంగరు చాప మధ్యకు జరిగి, నాకు చెప్పడం మొదలుపెట్టాడు. సిలిండరు బోరు అరిగితే పిస్టను వదులవుతుందనీ, అప్పుడు నూనె మండి నీలం పొగ వస్తుందనీ, బోరు చెక్కించి పెద్ద పిస్టను వేయవచ్చు గానీ, ఒకసారి పగిలిన సిలిండరుకు వేరే వైద్యం లేదనీ, ఆ కుర్రవాడు వెతుకుతున్నది అందుకేననీ వివరించాడు. తెర మీద అది దొరికినప్పుడు వాడు తొడ మీద చరుచుకుని, "దొరికీసింది!" అని అరిచాడు. వాణ్ణి అంత సంతోషంగా అంతకు ముందు నేను చూడలేదు. బండి కూర్చడం పూర్తయి ఇద్దరూ దాని మీద తిరుగుతుంటే, మేడ మీద గదిలో ఆ ఇంజను చప్పుడు వింటూ, "ఇంకా టైమింగు సరిగ్గా లేదు" అని తప్పు కూడా పట్టాడు.

అప్పుడు నేను అనుకున్నది వేరు గానీ, ఈ వయసులో చూస్తే ఆ సినిమా గట్టిదనం అక్కడే ఉందనిపిస్తుంది. కూలికి మాట్లాడుకున్న రక్షణ, ఇద్దరూ కలిసి ఒక పని చేయడం మొదలుపెట్టాక స్నేహమైంది. ఒకరి గోడు ఒకరు చెప్పుకుని కాదు, ఒక సిలిండరు వెతుక్కుంటూ దగ్గరయ్యారు. నటించిన కుర్రవాళ్లు క్రిస్ మేక్‌పీస్, ఆడమ్ బాల్డ్‌విన్, మ్యాట్ డిల్లన్ అప్పటికి నిజంగా బడి ఈడు పిల్లలే. మన సినిమాల్లో ముప్పై ఏళ్లు దాటిన హీరోలు పుస్తకం ఊపుకుంటూ కాలేజీకి వెళ్లడం చూసిన కళ్లకు, మొటిమలున్న ముఖాలే ఒక వింత.

తరువాత కథ చీకటి పడుతుంది. మూడీ తన తరఫున ఇంకా పెద్ద బలశాలిని తెచ్చుకుంటాడు. ఆ బలశాలి లిండర్‌మన్‌ను కొడతాడు, ఇతను తిరగబడడు. అన్ని రోజులు కష్టపడి కూర్చిన మోటారు సైకిలును పార్కులోని చెరువులోకి తోసేస్తారు. బండి నీటిలో మునుగుతుంటే లంగరు మాట్లాడలేదు. ఆ తరువాత లిండర్‌మన్ ఒక చోట క్లిఫర్డ్‌తో ఒంటరిగా, ఏడుస్తూ చాలాసేపు మాట్లాడతాడు. "ఏటంటన్నాడు?" అని లంగరు అడిగాడు. నాకు "బ్రదర్" అన్న మాట ఒక్కటే తెలిసింది. "వాళ్ల తమ్ముడు చచ్చిపోయాడట, అందుకు ఏడుస్తున్నాడు" అని చెప్పాను. "అదొక్కటే అయితే ఇంతసేపు మాటాడతాడేటి?" అన్నాడు వాడు. నేను సమాధానం వెతుక్కుంటుండగానే కరెంటు పోయింది.

రాత్రి ఎనిమిదైనా కరెంటు రాలేదు. లంగరు ఇంటికి వెళ్లిపోయాడు. మరుసటి రోజు ఉదయం చూద్దామంటే ఇంజనీరుగారు క్యాసెట్ల పెట్టెతో సహా అత్తవారి ఊరు వెళ్లారు, అటు నుంచి అటే ఓడ ఎక్కేశారు. ఆ బండి చెరువులోనే ఉండిపోయింది.

తొమ్మిదో తరగతిలో జరిగినది తొందరగా చెప్పేస్తాను, నిదానంగా చెప్పే ధైర్యం నాకు లేదు. 1989 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం బడి సైన్సు గదిలో అలమారా అద్దం పగిలింది, అందులో ఉండవలసిన సూక్ష్మదర్శిని కనిపించలేదు. పాత సామాన్ల కొట్లకు అలవాటుగా వెళ్లేవాడు లంగరు కాబట్టి, అనుమానం వాడి మీదకు వెళ్లింది. ఆ సాయంత్రం మేమిద్దరం చివరి పీరియడు ఎగ్గొట్టి బీచి రోడ్డు మీద నా సైకిలు గొలుసు బాగు చేసుకుంటున్నాము. ప్రధానోపాధ్యాయుడు నన్ను గదిలోకి పిలిచి, "వాడు నీతో ఉన్నానంటున్నాడు, నిజమేనా?" అని అడిగారు. నిజమంటే పీరియడు ఎగ్గొట్టిన సంగతి నాన్నగారికి తెలుస్తుంది. గది గుమ్మం అవతల వరండాలో లీడరు నిలబడి నన్నే చూస్తున్నాడు. వాడు ఏమీ అనలేదు, సైగ కూడా చేయలేదు. ఆ చూపు కూడా నాకు సాకేనేమో. "లేదండి" అన్నాను. చాలా నెలల తరువాత నా గొంతులో కాకినాడ మర్యాద తిరిగి వచ్చింది.

లంగరు మరునాటి నుంచి బడికి రాలేదు. నెల తరువాత సూక్ష్మదర్శిని దొరికింది. ఎవరూ దొంగిలించలేదు, అద్దం పగలడానికి వారం ముందే దానిని మరమ్మతుకు పంపించారు, పంపినవారు పుస్తకంలో రాయడం మరిచిపోయారు. అద్దం ఎవరు పగలగొట్టారో ఎవరూ పట్టించుకోలేదు. నేను జాలరిపేట వైపు రెండుసార్లు సైకిలు మీద వెళ్లి, ఇసుక మొదలయ్యే చోటు దాకా పోయి, తిరిగి వచ్చేశాను. పదో తరగతి కాగానే నాన్నగారికి మళ్లీ బదిలీ అయింది.

లీడరును ఇరవై ఏళ్ల తరువాత సిరిపురంలో ఒక పెళ్లిలో చూశాను. బట్టతల, చేతిలో పసిపిల్ల. నన్ను చూడగానే, "ఏరా ఆయ్!" అని గట్టిగా కౌగిలించుకుని, భార్యను పిలిచి, "వీణ్ణి మేం ఎంత ఏడిపించేవాళ్లమో!" అని మురిసిపోయాడు. ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. అతని జ్ఞాపకంలో నీళ్ల ట్యాంకు వెనుక సందు ఒక ఆటస్థలంగా మిగిలిందని అప్పుడు నాకు అర్థమైంది. అతను అబద్ధమాడడం లేదు. అతను నిజంగానే అలా గుర్తు పెట్టుకున్నాడు. కోపం రాకపోగా, ఇంటికి వచ్చేదాకా నేను ఆలోచించినది లంగరు గురించి. వాడి జ్ఞాపకంలో నేను ఎలా మిగిలి ఉంటాను?

2020 లాక్‌డౌన్‌లో హైదరాబాదు ఇంట్లో, మా అమ్మాయి లాప్‌టాప్‌లో ఆ సినిమా కనబడింది. ఈసారి కింద అక్షరాలు వస్తున్నాయి. ముప్పై రెండేళ్ల కిందట మేము తెలుసుకోలేకపోయిన మాటలు వరుసగా చదివాను. లిండర్‌మన్ ఏడుస్తున్నది తమ్ముడు చనిపోయినందుకు మాత్రమే కాదు. తుపాకి పేలినప్పుడు తాను అక్కడే ఉన్నాడు. పెద్దవాళ్లు అడిగితే, తాను తరువాత వచ్చి చూశానని అబద్ధం చెప్పాడు. బడి అంతా అల్లిన హత్యల కథలను అతను ఖండించకపోవడానికి కారణం అదే. చేయని నేరాల నింద మోయడం, చేసిన తప్పు బయటపెట్టడం కన్నా అతనికి తేలికగా ఉంది. "అదొక్కటే అయితే ఇంతసేపు మాటాడతాడేటి?" అని ఇంగ్లీషు రాని పదహారేళ్ల కుర్రవాడు అడిగిన ప్రశ్న సరైనది. నా తర్జుమా తప్పు. అక్కడే సినిమా ఆపేసి బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాను. మా అమ్మాయి వచ్చి, "చివర చూడరా నాన్నా?" అని అడిగింది. చూశాను.

2023 నవంబరు 19 రాత్రి విశాఖపట్నం చేపలరేవులో మంటలు చెలరేగి పదుల సంఖ్యలో మరపడవలు కాలిపోయాయి. టీవీలో ఆ మంటలు చూస్తుంటే కుర్చీలో కూర్చోలేకపోయాను. పాత తరగతివాళ్లలో ఒకరి ద్వారా మరొకరిని పట్టుకుని, నాలుగు రోజులకు లంగరు నెంబరు సంపాదించాను. ఫోను చేసి నా పేరు చెప్పాను. గుర్తు పట్టలేదు. కాసేపు ఆగి, "ఆయ్‌ని" అన్నాను. అవతల నిశ్శబ్దం. తరువాత, "నెత్తళ్లు ఇప్పుడైనా తింటన్నావేటి?" అని వినిపించింది.

డిసెంబరులో వెళ్లాను. రేవులో ఇంకా కాలిన డీజిలు వాసన ఉంది. నీటి అంచున పడవల అస్థిపంజరాలు నల్లగా ఒరిగి ఉన్నాయి. వాడు మేనమామ పనినే పట్టుకుని పడవ ఇంజన్ల మెకానిక్ అయ్యాడు. భుజాలు కుంగాయి గానీ ఇప్పటికీ తలుపు నిండానే ఉన్నాడు. కాలిపోయిన వాటిలో మూడు పడవల ఇంజన్లు ఆ ఏడాది వాడు విప్పి కూర్చినవేనట. ఒకదానికి దీపావళి ముందే కొత్త రింగులు వేశాడట. ఆ సంగతి చెబుతూ బొటనవేలితో చూపుడు వేలి మసిని రుద్దుకున్నాడు. మేము టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాము. సగం గ్లాసు తాగేదాకా పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నాము. తరువాత నేను ఆ సినిమాలో లిండర్‌మన్ నిజంగా ఏమన్నాడో చెప్పాను. చెప్పి, ఆగకుండా, ప్రధానోపాధ్యాయుడి గదిలో నేను ఏమన్నానో కూడా చెప్పాను. గొలుసుకు అద్దిన నెత్తుటి మరకలతో సహా.

వాడు గ్లాసు కింద పెట్టాడు. "తెల్సు" అన్నాడు. "మేష్టారు ఆ రోజే సెప్పేరు, నీ సావాసగాడే లేవంటన్నాడురా అని." అంతకు మించి ఆ విషయం మీద ఏమీ అనలేదు. క్షమించానని అనలేదు, పోనీలే అని కూడా అనలేదు. నేను కూడా అడగలేదు. ఎదురుగా ఒక పడవ నుంచి బుట్టలు దించుతున్నారు. మేమిద్దరం అవి లెక్కపెడుతున్నవాళ్లలా చూస్తూ కూర్చున్నాము.

"మరి ఆ బండి?" అన్నాడు కొంతసేపటికి.

"ఏ బండి?"

"సెరువులో తోసేసేరు గదా. తీసేరా, ఒగ్గేసేరా?"

తీశారని చెప్పాను. దాని కోసమే చివర కొట్లాట జరిగిందనీ, లిండర్‌మన్ ఆ బలశాలిని పడగొట్టాడనీ, మూడీ మీదకు మాత్రం క్లిఫర్డ్‌నే పంపాడనీ, సన్నటి కుర్రవాడు మూడీ ముక్కు పగలగొట్టాడనీ చెబుతూ పోయాను. వాడు కొట్లాట కథ చెవిన పెట్టినట్టు కనిపించలేదు. నుదుటి మీద గీతలు పడేలా ఏదో లెక్క వేస్తున్నాడు.

"ఉప్పునీళ్లా, మంచినీళ్లా?" అని అడిగాడు.

చికాగోలో సముద్రం లేదనీ, పక్కనున్న మిషిగన్ సరస్సు కూడా మంచినీటిదేననీ, అది పార్కులోని చెరువనీ చెప్పాను.

"అయితే పట్టేయదు" అన్నాడు వాడు, టీ గ్లాసు మళ్లీ అందుకుంటూ. "ఎంటనే ఇప్పేసి, ఆరబెట్టి, నూని పట్టించాల."